దగ్గే ఎనుము

"ఎనుమును తోలుకు రాకుండా మందియ్యమంటే ఎట్లమ్మా?" అన్నాడు పశువుల డాక్టరు.

గౌరి బల్ల అంచు పట్టుకుంది. గేదె మందు కోసం, ఆదోనిలో అయితే ఎవరైనా గుర్తుపడతారని బస్సెక్కి ఎమ్మిగనూరు దాకా వచ్చింది. పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు తాగలేదు.

"అది అంత దూరం నడవలేదు సార్. జబ్బేందో నేను సెప్తా. దగ్గితే ఉచ్చ కారిపోతాది. తుమ్మినా, బరువెత్తినా అంతే."

"ఎనుము బరువెత్తుతాదా?"

"అదే సార్... గట్టు ఎక్కితే."

"ఎన్ని ఈతలు?"

"మూడు. మూడోది అడ్డం తిరిగింది. శానా నొప్పులు పడింది. అప్పట్నుంచే."

"మరి దగ్గెందుకు?"

"మిల్లులో దూది దుమ్ముకు."

నాలుక కరుచుకునేలోపే దగ్గు తన్నుకొచ్చింది. మోకాళ్లు బిగించింది. అయినా తడి ఆగలేదు. కొంగు ముందుకు లాక్కుంది. బస్సులో వచ్చినంతసేపూ తన సిగ్గంతా ఆ ఎనుమే మోసింది. ఇప్పుడది కూడా తనను వదిలి వెళ్లిపోయింది.

డాక్టరు పెన్ను కింద పెట్టాడు.

"ఎనుములకు ఇట్లా కావడం నేను చూళ్లేదమ్మా. ఇది ఆడోళ్ల జబ్బు. వాళ్ల మందు కోసం ఎలుకలకు ఈ జబ్బు తెప్పించి, తుమ్మించి చూస్తారు. ఎలుకలైతే దాచుకోవు." గొంతు తగ్గించి అన్నాడు. "ఎనుము మందు మనిషి తాగితే పానం పోతాది."

"పోతే పోనీ సార్." గౌరి తల వంచుకుంది. "వాసన తెలుస్తాదని వసారాలో వేరే పండుకుంటాండాది. మా ఇంటాయనకు తెలిస్తే ఒక్క దినం ఉంచుకోడు. తోలేస్తాడు దాన్ని."

"ఇంటాయన పేరేంది?"

మొగుడి పేరు ఆమె ఎన్నడూ నోటితో అనలేదు.

"ఈరన్న సామి ఉండే ఊరి పేరే సార్."

"ఉరుకుందు. ఆదోని మిల్లులో దూది బేళ్లు మోస్తాడు, అంతేనా?"

గౌరి పక్కనున్న స్టూలు మీద కూలబడింది. బల్ల మాత్రం వదల్లేదు.

"మొన్న వచ్చినాడమ్మా. నువ్వు కూచున్న ఆ స్టూలు మీదే కూచున్నాడు. ఈ ఎనుము జబ్బే సెప్పినాడు. ఆదోనిలో డాక్టరమ్మ ఉంది, నయం చేస్తాది, పిల్చుకుపో అన్నా. తల అడ్డంగా ఊపినాడు."

"ఏమన్నాడు సార్?"

"నాకు తెలిసిపోయిందని ఎనుముకు తెలిస్తే, సిగ్గుతో సస్తాది సార్ అన్నాడు."