ఇంట్లోనే బడి

"ఇవాళ తేలిపోవాలి. బడా, ఇల్లా?" అంది తల్లి, థర్మామీటరు డబ్బాలో పెడుతూ.

జ్వరం లేదు. ఉండదని ఆమెకీ తెలుసు. ఆసుపత్రిలో నర్సుగా చేసే మనిషికి దొంగ జబ్బు తెలియదా? కానీ కూతురిది దొంగ జబ్బు కాదు. అదే అసలు చిక్కు. తొమ్మిదో తరగతి పిల్ల, పొద్దున్నే యూనిఫాం చేతిలోకి తీసుకోగానే కడుపు పట్టుకుని కూలబడుతోంది. చెమటలు పడుతున్నాయి. నిజంగానే వాంతి చేసుకుంటోంది. బడి గంట కొట్టే వేళ దాటితే చాలు, లేచి టిఫిన్ తింటోంది. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, "కడుపులో ఏమీ లేదమ్మా, ఉంటే మనసులో ఉంది" అని చేతులు దులుపుకున్నాడు.

"ఎవరైనా ఏడిపిస్తున్నారా?" అని తల్లి అడగని రోజు లేదు. ఒక్కసారి మాత్రం పిల్ల నోరు విప్పింది.

"అందరూ నవ్వుతారమ్మా."

ఎందుకు నవ్వుతారే అంటే మళ్ళీ నోటికి తాళం. ఆ మాట విన్న దగ్గర్నుంచి తల్లికి కంటిమీద కునుకు లేదు. పోయిన చదువు మళ్ళీ తెచ్చుకోవచ్చు, పిల్లకేమైనా అయితే? అందుకే తమ్ముణ్ణి పిలిపించింది. అతను కార్ల మెకానిక్. కొడుకుని బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాడు.

"మంచి చెప్పనా, చెడు చెప్పనా అక్కా?" అన్నాడు తమ్ముడు, కుర్చీ లాక్కుని.

"రెండూ చెప్పు."

"మంచేంటంటే, అర్థమయ్యేదాకా ఒకే పాఠం మీద కూర్చోవచ్చు. తరిమేవాడు లేడు, నవ్వేవాడు లేడు. వాడి మొహంలో కళ వచ్చింది. చెడేంటంటే, వాడికి ఫ్రెండూ నేనే, శత్రువూ నేనే. బంతాట ఆడదామంటాడు, నా నడుం వంగదు. మొన్న చుట్టాలొస్తే మంచం కింద దూరాడు. పద్నాలుగేళ్ళ దున్నపోతు!"

గోడకానుకుని నిలబడ్డ పిల్ల తండ్రి ముందుకొచ్చాడు.

"అదే నేనూ అంటున్నా. నూతిలో కప్పని చేస్తామా దాన్ని? ల్యాబులుండవు, ఆటలుండవు, తోటి పిల్లలుండరు. నేను అందర్నీ అడిగాను. దాన్నెవరూ పల్లెత్తు మాట అనట్లేదు. హెడ్మాస్టరు రోజూ అడుగుతున్నాడు, నేను తలెత్తుకోలేకపోతున్నా. నా కూతురే బడికి రాదంటే నలుగురూ ఏమంటారు? నా పిల్లకో న్యాయం, పరాయి పిల్లలకో న్యాయమా అనరూ?"

"మీ తల సంగతి తర్వాత చూద్దాం. ముందు దాని కడుపు సంగతి చూడండి!" తల్లి గొంతు పెరిగింది.

ఆయన గతుక్కుమన్నాడు. చెడ్డవాడా అంటే, కానే కాదు. పాపం, ఇన్నాళ్ళూ కూతురి వాంతులు తనే ఎత్తిపోశాడు. పక్కన కూర్చుని తల నిమిరాడు. పిచ్చి జోకులేసి నవ్వించాడు. ఇంట్లో కూతురి ముందు ఆయన వెన్నముద్ద. ఆ పిల్లకీ నాన్నంటే ప్రాణం.

"నేను నిర్ణయించేశాను. ఇవాళే పేరు తీయించేస్తా" అంది తల్లి.

"తీయించి? చెప్పేదెవరు? నీకు డ్యూటీలు."

పక్క గది కర్టెన్ కింద పిల్ల పాదాలు కనిపిస్తున్నాయి. అంతా వింటోందన్నమాట. తండ్రి ఆ పాదాల వంక చూశాడు.

"నేను చెప్తాను" అన్నాడు.

"మీరా? మరి ఉద్యోగం?"

"మానేస్తా. దానికంటే ఎక్కువా? పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా ఎదురుగానే కూర్చోబెట్టుకుంటా. ఒక్క తప్పు కూడా దొర్లనివ్వను. దాన్ని గట్టెక్కించే పూచీ నాది." కళ్ళు తుడుచుకున్నాడు.

తల్లికీ కళ్ళు చెమర్చాయి. "బావా, నాన్నంటే నువ్వే" అన్నాడు తమ్ముడు మనస్ఫూర్తిగా.

కర్టెన్ కింద పాదాలు మాయమయ్యాయి. లోపల గొళ్ళెం పడిన చప్పుడైంది.

తల్లి ఒక్క ఉదుటున పరిగెత్తింది. "ఏమ్మా! తలుపు తీ!" పలుకు లేదు. "తమ్ముడూ, తలుపు బద్దలుకొట్టరా!" అని అరిచింది. అతను భుజం ఆనించేలోపే తలుపు తెరుచుకుంది.

యూనిఫాం వేసుకుని, భుజాన బ్యాగుతో నిలబడి ఉంది పిల్ల. మొహం సున్నంలా పాలిపోయింది.

"బడికెళ్తాను."

"ఇదేం చోద్యం కోడలా! ఇంతసేపూ మేం గొంతులు చించుకున్నది దేనికి?" అన్నాడు మేనమామ.

"అదీ నా కూతురంటే!" తండ్రి చిన్నపిల్లాడిలా ఎగిరి గంతేసి, బండి తీయడానికి వీధిలోకి పరిగెత్తాడు.

తల్లి మాత్రం కూతురి మణికట్టు పట్టుకుంది. నాడి పరుగులు తీస్తోంది.

"భయం పోలేదు నీకు. మరెందుకే వెళ్తానంటున్నావ్? నాన్న అంత ప్రేమగా నేనే చెప్తానంటుంటే! అక్కడ నిన్ను పీడించేదెవరో ఇప్పటికైనా చెప్పు తల్లీ."

వీధిలో హారన్ మోగింది. తండ్రి నవ్వుతూ చెయ్యి ఊపాడు. పిల్ల కూడా నవ్వి చెయ్యి ఊపింది. తర్వాత తల్లి చెవి దగ్గరికి వంగి, గొంతు తగ్గించి అంది:

"బడిలో నాన్న, తప్పు చేస్తే అందరి చేతా నవ్వించే లెక్కల సారయ్యేది రోజుకి ఒక్క పీరియడేనమ్మా, ఇంట్లోనైనా నాకు నాన్నని మిగలనివ్వు."