ఏడో గిటారిస్టు

“గిటార్ శ్రుతిలో లేదు,” అన్నాడు గాయకుడు, మైకు మీద అరచెయ్యి మూసి.

ఏడో గిటారిస్టు శ్రుతి చూసే యంత్రాన్ని ఎత్తి చూపించాడు. ఆరు తీగలకీ పచ్చదీపమే వెలిగింది.

“అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నా. స్పీకరు పాతది కదా, అందుకేమో.”

“ఆడలేక మద్దెల ఓడన్నది నీలాంటివాడే. ఆ యంత్రానికి దీపం ఉంది గానీ చెవులున్నాయా? సర్దుకో!”

అతను సర్దుకున్నాడు, తీగల్ని కాదు, సామాన్లని. పది నిమిషాల్లో మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

డ్రమ్స్ వెనకనుంచి గాయకుడి అక్క నిట్టూర్చింది.

“ఏడుగురు గిటారు వాళ్ళని, నలుగురు బేసు వాళ్ళని తరిమేశావు. క్రికెట్ జట్టు పూర్తయిందిరా. ఇంక అంపైర్లని వెతుక్కో.”

“అపశ్రుతిని నెత్తిన పెట్టుకోమంటావా?”

“మీ బావదీ అపశ్రుతేనా?”

గాయకుడు అటు తిరిగి మైకు తీగ చుట్టసాగాడు.

గ్రంజ్ అనే ఏడుపుగొట్టు రాక్ సంగీతం హోరు సద్దుమణిగాక, అదే ఏడుపుకి తల దువ్వి రేడియోకి పంపిన రాక్ బృందాల్లో వీళ్ళ ‘తుప్పు’ ఒకటి. బృందానికున్న ఒకే ఒక్క హిట్ పాటకి బాణీ కట్టింది మొదటి గిటారిస్టు, అంటే అక్క మొగుడు. రెండో ఆల్బమ్ రికార్డింగులో అందరి ముందూ “నీకు స్వరజ్ఞానం లేదు బావా” అని అతన్ని బయటికి పంపేశాడు గాయకుడు. బావ గిటార్ని పెట్టెలో పెట్టి, టైర్ల దుకాణంలో చేరాడు. మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు. డ్రమ్స్‌లో సరిగమలు లేవు కాబట్టి అక్క మిగిలిందని గిట్టనివాళ్ళ మాట.

మూడో ఆల్బమ్‌ని విమర్శకులు తిట్టారు. నాలుగోదాన్ని తిట్టడానికైనా ఎవరూ వినలేదు. ప్రతిసారీ గాయకుడు గిటారిస్టుని మార్చాడు.

ఇన్నాళ్ళకి పన్నెండు ఊళ్ళలో కచేరీలు కుదిరాయి. పది రోజుల్లో బయల్దేరాలి.

“బావని పిలవరా. ‘పొరపాటైంది’ అను చాలు, పరిగెత్తుకొస్తాడు,” అంది అక్క.

“తప్పు వాయించింది ఆయనా, బతిమాలేది నేనా? బాగుంది న్యాయం!”

“పదిహేనేళ్ళనుంచి ఆ మనిషి స్నానాల గదిలో కూడా పాడట్లేదు. తెలుసా నీకు?”

“పోన్లే. పక్కింటివాళ్ళు అదృష్టవంతులు.”

అక్క డ్రమ్ పుల్లల్ని సంచిలో పడేసింది.

వేదికెక్కేవాళ్ళందరూ చెవుల పరీక్ష చేయించుకుని కాగితం తేవాలని కచేరీల నిర్వాహకులు షరతు పెట్టారు. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ చెవుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. అక్క పని పావుగంటలో అయిపోయింది.

“నా చెవులకి పరీక్షేమిటండీ! పదకొండుమందిని పట్టేసిన చెవులివి,” అంటూ గాయకుడు అద్దాల గదిలో కూర్చున్నాడు.

“ముందు ఎడమ చెవిలో, తర్వాత కుడి చెవిలో స్వరం మోగుతుంది. విన్నది విన్నట్టు పాడండి,” అంది డాక్టరమ్మ.

అతను కళ్ళు మూసుకుని, వేల మంది వింటున్నట్టు పాడాడు. మొదటిది పైన, రెండోది కాస్త కింద.

డాక్టరమ్మ రాసుకుంది. ఇయర్‌ఫోన్లు అటుదిటూ ఇటుదటూ మార్చింది. మళ్ళీ పాడించింది, మళ్ళీ రాసుకుంది. మూడోసారికి అతనికి ఓపిక నశించింది.

“ఎడమవైపు బ్రహ్మాండంగా ఉందమ్మా. కుడివైపుదే ప్రతిసారీ అర మెట్టు దిగిపోతోంది. యంత్రం బాగుచేయించుకోండి. ఈ జబ్బు మా గిటారు వాళ్ళకే అనుకున్నా, ఆస్పత్రులకీ పాకిందన్నమాట!”

గుమ్మంలో నిలబడ్డ అక్క నవ్వబోయి, డాక్టరమ్మ మొహం చూసి ఆగిపోయింది.

డాక్టరమ్మ కలం కింద పెట్టి, మెల్లగా అంది.

“రెండు చెవుల్లోనూ మోగింది ఒకే స్వరమండీ.”