తర్వాతి డ్యూటీ

మగవాళ్లు ఒంటరిగా సుఖపడే బొమ్మలు రెండు కౌంటర్ మీదున్నాయి. నర్సమ్మ రెండింటినీ చేత్తో బరువు చూసింది.

"చేత్తో ఆడించుకునేదైతే చవక. ఆటోమేటిక్‌ది బటన్ నొక్కితే చాలు, దాని పని అది చేసుకుపోతుంది," అంది షాపామె.

"అదే ఇవ్వండి. మా ఆయన మంచినీళ్లు కూడా ముంచుకు తాగడు."

"వాడాక కడగాలమ్మా. చార్జింగ్ పెట్టాలి."

"తిన్న కంచమే కడగడు, దీన్ని కడుగుతాడా. సరేలెండి, మొదటి చార్జింగ్ నేనే పెడతాను. ఆ తర్వాత ఆయన తిప్పలు ఆయనవి."

షాపామె ప్యాక్ చేస్తూ నవ్వింది. "ఆయనంటే ఎంత ప్రేమమ్మా మీకు."

"ప్రేమా పాడా. మా ఆసుపత్రి వార్డులో తర్వాతి డ్యూటీ నర్సు రాకుండా ఎవరం కదలం. ఇంట్లోనూ అదే అలవాటైపోయింది." నర్సమ్మ పొట్లం అందుకుంది. "సూట్‌కేసు సర్ది ఉంచాను. ఆయన్ని దీనికి అప్పజెప్పేసి డ్యూటీ దిగిపోతాను."