చారల చేప

“జీబ్రా ఏది?” అన్నాడు శ్రీహరిరావు.

హాల్లో తడిగుడ్డ పిండుతున్న కాశమ్మ తలెత్తింది. “ఏంది సార్?”

“చారల చేప. నిన్న సాయంత్రం వరకు ఉంది. ఇవాళ లేదు. తొట్టి తుడిచేది నువ్వే కదా?”

వంటింట్లో ఉన్న కోటేశ్వరమ్మ స్టవ్ కట్టేసి బయటికొచ్చింది. భర్త గొంతులో ఆ మెత్తదనం ఆవిడకు తెలుసు. ఉద్యోగంలో కిందివాళ్లకు మెమో ఇచ్చేముందు కూడా ఆయన అలాగే మాట్లాడేవాడట.

రిటైరయ్యాక ఆయన లోకమంతా ఆ నాలుగడుగుల తొట్టే. అందులో అన్నీ ప్లెకోలు. గాజుకు నోరు కరిపించి పాచి తింటూ అడుగున పాకే చేపలు. బజార్లో అన్నిటినీ సక్కర్ అనే అమ్ముతారు. వాటిలో ఏది అరచేతిలో ఇమిడిపోయే రకమో, ఏది మూరెడు పెరిగే రకమో తేల్చాలంటే మాత్రం శ్రీహరిరావే. చేపలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆయన మాటే తీర్పు.

నలుపు తెలుపు చారల జీబ్రాను చెన్నై నుంచి తెప్పించుకున్నాడు. వేలెడంత ఉంటుంది. ధర కాశమ్మ రెండు నెలల జీతం.

“గాజుపెట్టెల చేపను ఎత్కపోయి నేనేం జేస్త సార్?” అంది కాశమ్మ. “మా కిషన్‌బాగ్‌ల తాగనీకె నీళ్లే దినం తప్పి దినం వస్తయ్.”

“అమ్ముకోవడానికి తొట్టి అక్కర్లేదు.”

కాశమ్మ మొహం పాలిపోయింది. “నాలుగేండ్ల సంది చేస్తున్న. ఒక్క చెంచా పోయిందా అమ్మా? మీరే చెప్పుండ్రి.”

కోటేశ్వరమ్మ భర్త వైపు చూసింది. “ఒకసారి సరిగ్గా వెతుకుదామండీ...”

“మొత్తం వెతికాను.”

“గది సిగ్గుపడే చేప సార్. కట్టె సందుల దూరుతది. ఒక్కపాలి చెయ్యి పెట్టి సూడనియ్యుండ్రి.” కాశమ్మ తొట్టి దగ్గరికి నడిచింది.

“చెయ్యి పెట్టకు!” ఆయన అడ్డంగా నిలబడ్డాడు. “మిగతావి బెదిరిపోతాయి.”

కాశమ్మ వెనక్కి తగ్గింది. తడిగుడ్డ బకెట్ అంచుకు ఆరేసింది. తన సంచీ తెచ్చి గుమ్మం దగ్గర బోర్లించింది. టిఫిన్ డబ్బా, తాళంచెవి, బీపీ మాత్రలు. ఒక్కొక్కటే ఏరుకుని మళ్లీ సంచీలో వేసుకుని మెట్లు దిగిపోయింది.

కోటేశ్వరమ్మ వెనక్కి పిలవలేదు. పైగా ఆ సాయంత్రం బీరువా తీసి గాజులు చూసుకుంది. అన్నీ ఉన్నాయి. తలుపు వేసేటప్పుడు అద్దంలో తన మొహం చూసుకోబుద్ధి కాలేదు.

అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆయన ఒక్క వాక్యం పెట్టాడు: ‘విలువైన చేప పోయింది, పనివాళ్లతో జాగ్రత్త.’ పేరు రాయలేదు. మర్నాడే మూడో అంతస్తువాళ్లు, ఐదో అంతస్తువాళ్లు కాశమ్మను మానిపించారు.

గుడిమల్కాపూర్ మార్కెట్లో కూరలు బేరమాడుతున్నా కోటేశ్వరమ్మకు చేప పోవడానికి ముందటి ఆదివారమే గుర్తొచ్చేది. ఆ రోజు ఆయన గ్రూపువాళ్లు ఆరుగురు ఇంటికొచ్చారు. శ్రీవత్స అనే కుర్రాడు కవర్లో నీళ్లు పోసి ఓ పిల్లచేపను తెచ్చాడు.

“బ్రిసిల్‌నోజ్,” అన్నాడు శ్రీహరిరావు చూడగానే. “నాలుగంగుళాలు దాటదు. హాయిగా పెంచుకో.”

టీలు అందిస్తున్న కాశమ్మ కవర్లోకి వంగి చూసింది. “ఇది గది కాదు సార్. పెద్ద జాతి. వీపు మీది రెక్క సూడుండ్రి, ఎంత పెద్దగుందో. గా రెక్కల ముల్లులు పది దాటితే పెద్ద జాతని మీరే చెప్తిరి గదా? నేను పన్నెండు లెక్కవెట్టిన.”

ఫోన్‌లో ఫొటో తీసి, పెద్దది చేసి లెక్కపెట్టారు. పన్నెండే.

“సార్, ఇకమీదట మేం కాశమ్మగారినే అడుగుతాం!” అన్నాడు శ్రీవత్స. అందరూ నవ్వారు. శ్రీహరిరావు కూడా నవ్వాడు. “మన ట్రైనింగే కదా,” అని కాశమ్మ చేతికి రెండు బిస్కట్లు కూడా ఇచ్చాడు.

అంత శ్రద్ధగా చేపల్ని చూసుకున్న మనిషి ఎందుకిలా చేసిందో కోటేశ్వరమ్మకు అంతుపట్టలేదు.

పన్నెండో రోజుకు తొట్టి గాజు పచ్చబడింది. కొత్త పనిమనిషి చేపల్ని ముట్టనంది. ఆయన బాల్కనీలో పేపరు చదువుతున్నాడు. కోటేశ్వరమ్మే కొంగు దోపుకుని మూత తీసింది. అడుగున ఉన్న చెట్టుమొద్దును పక్కకు జరిపింది. దాని వెనకవైపు తొర్రలో ఏదో కదిలింది.

నలుపు, తెలుపు. నలుపు, తెలుపు.

తడిచేతులతోనే బాల్కనీకి పరిగెత్తింది.

“ఏమండీ! ఉందండీ! తొర్రలో నిక్షేపంగా ఉంది! అయ్యో, ఎంత పాపం చేశాం. ఇప్పుడే ఆటోలో కిషన్‌బాగ్ వెళ్తాను. కాళ్లు పట్టుకునైనా కాశమ్మను తీసుకొస్తాను.”

శ్రీహరిరావు పేపర్లోంచి తల ఎత్తలేదు.

“అది అక్కడుందని కాశమ్మను అడగకముందే నాకు తెలుసు, వెళ్లి మూత పెట్టు,” అన్నాడు.