నాలుగో గీత

ఎలుకలకు నిద్ర పడితేనే నాకు పని పడుతుంది. నా గోల మాత్రం వాటికి పట్టదు. పరిశోధనశాలలో రాత్రి డ్యూటీ నాది. ఆరు ఎలుకల తలలకు తీగలు, తెర మీద వాటి మెదడు అలలు చూపే ఆరు గీతలు. ఏది ఎప్పుడు పడుకుందో, ఎప్పుడు లేచిందో, ఎప్పుడు మూర్ఛ వచ్చిందో రాయాలి. వీటికి మూర్ఛ వచ్చేది నిద్రలోంచి మెలకువలోకి వచ్చేటప్పుడే. ఇంట్లో మా పాపకూ అంతే.

మా ఆవిడకు ఫోన్ చేశాను.

"పాప పడుకుందా?"

"పడుకుంది. మీ ఎలుకలో?"

"హాయిగా ఉన్నాయి. వాటికి పెళ్లాం ఫోన్లు ఉండవుగా!"

"చేసింది మీరేనండీ, మహానుభావా."

నవ్వుతూ తెర చూశాను. నాలుగో గీత కదులుతోంది. నాలుగో ఎలుక సాయంత్రమే చచ్చిపోయింది. దాని తీగ ఖాళీ బోనులో వేలాడుతోంది. ఆ తీగను యంత్రంలోంచి పీకేశాను. అయినా గీత నెమ్మదిగా, పెద్ద పెద్ద అలలుగా సాగుతూనే ఉంది. అది గాఢనిద్ర. కాసేపటికి అలలు చిన్నవయ్యాయి. అది మెలకువ.

"పాప కదులుతోందండీ," అంది మా ఆవిడ. "నాన్నా అంటోంది."

గీత సూదుల్లా లేచింది. అదే క్షణంలో ఫోన్లో మంచం టకటకా కొట్టుకోవడం వినిపించింది.

"అయ్యో, మళ్లీ వచ్చిందండీ!"

సూది లేచినప్పుడల్లా ఒక టక. ఎంతకీ ఆగడం లేదు.

గీత ఆగితే పాపకూ ఆగుతుందనుకున్నాను. యంత్రం స్విచ్ ఆపేశాను. తెర నల్లబడింది. మంచం చప్పుడు ఠక్కున ఆగింది.

"తగ్గిందా?" అన్నాను.

ఫోన్ చెవికి అదుముకుని విన్నాను. ఆ గదిలో ఒకే ఒక్క ఊపిరి వినిపిస్తోంది. అది మా ఆవిడది.