పరీక్ష లేని కాలేజీ

“పరీక్ష హాల్ల కూసోవెట్టే కాలేజీ మనకద్దు బిడ్డా,” అన్నాడు దశరథం, పళ్ల సందుల్లో అగ్గిపుల్ల తిప్పుతూ.

నవ్య లాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. ఎత్తితే ఆ అగ్గిపుల్లను చూడాలి.

సిరిసిల్లలో దశరథానికి సాంచాల షెడ్డు ఉంది. ఆ మరమగ్గాల మీదే నవ్య తండ్రి దేవయ్య పని. ఆర్డర్లు లేక ఊళ్లో సగం సాంచాలు ఆగిపోయాయి. వాడకట్టులో మగవాళ్లు పని కోసం భివండికో మస్కట్‌కో పోతున్నారు. దేవయ్యను మాత్రం దశరథం ఇంకా పనిలోంచి తీసెయ్యలేదు. ఆ సంగతి రోజుకోసారి గుర్తు చేస్తుంటాడు.

స్క్రీన్ మీద రెండు సీట్లు. రెండూ క్వాంటిటేటివ్ ఫైనాన్స్‌లో ఎమ్మెస్సీ. షేర్ మార్కెట్‌ను లెక్కలతో అంచనా కట్టే చదువు. ఒకటి లండన్‌లో, ఒకటి స్కాట్లాండ్‌లో. ఏది కావాలో ఈరోజే తేల్చి చెప్పాలి.

నవ్య కరీంనగర్‌లో మ్యాథ్స్ చదివింది. రెండు కాలేజీల సిలబస్ అక్షరం వదలకుండా చూసింది. లండన్‌లో అసలైన గణితం ఉంది. ప్రొఫెసర్లు ఎదురుగా నిలబెట్టి బోర్డు మీద లెక్క చేయిస్తారు. స్కాట్లాండ్ కాలేజీలో అన్నీ ఇంటి దగ్గర రాసి పంపే అసైన్‌మెంట్లే. ఈ చదువంటే ఎందుకిష్టమో రాయమని అప్లికేషన్‌లో అడిగితే నవ్య రెండు పేజీలు రాసింది. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

“సేటూ, లండన్‌దే మంచిది. గాడనే సక్కగ నేర్పుతరు. గీ రెండోది ఉత్త దందా.”

“నేర్సుకొని ఏం జేస్తరే? కాయిదం అస్తే సాలు.” దశరథం అగ్గిపుల్ల తీసి, చివర చూసుకుని, మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. “గాడ ఫెయిలైతే ఎవలు జవాబు? నువ్వా, మీ బాపా?”

పక్కన దశరథం కొడుకు రాజేందర్ సోఫాలో పడుకుని ఫోన్‌లో క్రికెట్ చూస్తున్నాడు. “ఏదైతేంది, జల్ది తెమల్చున్రి. ఆకలైతుంది.”

తలుపు దగ్గర నవ్య తల్లి బాలమణి నిలబడే ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు.

“ఊకో బిడ్డా,” అంది బాలమణి. “సేటు చెప్పినట్టు ఇను. గీ వయసుల బాపును భివండి తోలుతవా?”

ఛీ! ఇంత ఇష్టపడి చదివింది ఈ సోఫా ముందు చేతులు కట్టుకోవడానికా? నవ్యకు దశరథం మీద అసహ్యం వేసింది. తల్లి మీద వేసింది. అందరికంటే ఎక్కువగా తన మీద తనకే వేసింది, ఎందుకంటే అప్పటికే స్కాట్లాండ్ సీటు మీద నొక్కేసింది.

“గిప్పుడు తెలివిగల్ల పని జేసినవ్!” దశరథం కేకేస్తే భార్య చక్కెర తెచ్చి అందరి నోట్లో ఇంత పోసింది. నవ్య చెప్పులేసుకుని బయటికి నడిచి, ఆ చక్కెరను మోరీలో ఉమ్మేసింది.

సెప్టెంబరులో రాజేందర్ స్కాట్లాండ్‌లో దిగి క్లాసులు మొదలయ్యాక, సిరిసిల్లలో తన ఇంటి గడపలో కూర్చుని నవ్య మొదటి అసైన్‌మెంట్ రాసి పైన రాజేందర్ పేరు టైపు చేసింది.