తాళంచెవితో గీకిన గోడ

డోన్‌లోని సర్కారు బడికి దాదా ఖలందర్ మూడు రోజులుగా వస్తున్నాడు. కూతురిని ఒకటో తరగతిలో చేర్చాలంటాడు. చదువు ఎలా చెబుతారని మాత్రం అడగడు. గోడలు తట్టి చూస్తాడు, తాళంచెవితో గీకుతాడు.

టీచరు శివలీలకు అనుమానం వచ్చింది.

“ఏమప్పా, పాపను చేర్చనీకి వచ్చినావా, బడిని కొననీకి వచ్చినావా?”

“గోడ గట్టిగా ఉండాది మేడమ్. ఈడే చేరుస్తా.”

“ఎదురుగా మూడంతస్తుల కాన్వెంటు ఉండాది గదా. మావాడు ఆడే చదువుతాండాడు. నువ్వెందుకు వద్దనుకున్నావు?”

“పాపకు ఫీజు లేకుండా సీటిస్తామన్నారు మేడమ్. ఆ బిల్డింగు కట్టిన బేల్దారి మేస్త్రీని నేనే.”

“ఇంకేం, మంచిదే గదా!” అని శివలీల నవ్వింది.

దాదా ఖలందర్ తాళంచెవిని జేబులో వేసుకున్నాడు.

“సిమెంటు ఎంత తక్కువ కలిపినామో నాకు తెలుసు. మీవాడు ఏ అంతస్తులో కూచుంటాడు మేడమ్?”